నేసిన చేయి – చీట్లు వేసిన చేయి

పాఠ్యభాగములు: యోహాను 19:23, 24; సామెతలు 13:11; గలతీయులకు 6:1, 2



మన ప్రభువు ధరించిన అంగీకి కుట్టు లేదని, అది ఒకే నేతగా నేసినదని యోహాను తెలుపుచున్నాడు. అట్టి వస్త్రమునకు ఎంత శ్రమ పట్టునో నారాయణపేట మగ్గముల చప్పుడు వినుచు బ్రదుకు మనకు వేరుగ చెప్పనక్కరలేదు. సిలువ క్రింద సైనికులు ఒక్క పోగైనను నేయక, చీట్లు వేసి దానిని దక్కించుకొన జూచిరి. వారి కన్నులు వస్త్రముమీదనే యుండెను. పైన ప్రాణము పెట్టుచున్న రక్షకుని వారు గుర్తింపలేదు. జూదము చేయు కీడు ఇదియే.

చీట్లు వేయుట అంతయు పాపమా? యెహోషువ దేశమును పంచునప్పుడు, అపొస్తలులు మత్తీయను ఏర్పరచునప్పుడు చీట్లు వేసిరి గదా! వారు దేవుని చిత్తమును వెదకిరి; జూదగాడు పొరుగువాని సొమ్మును వెదకును.

నేడు జూదము చేతిలోని ఫోనులోనికి వచ్చినది. రమ్మీ యని, క్రికెట్టు పందెమని కూలి డబ్బు అర్ధరాత్రి ఖాతానుండి పోవును; ప్రక్కన నిద్రించు భార్యకు తెలియదు.

ప్రభుత్వము ఏమి చేసినది? మన ప్రాంతపు 1974 నాటి జూద చట్టము నేర్పుతో ఆడు ఆటలను మినహాయించెను. రమ్మీ ముఖ్యముగా నేర్పు గల ఆటయని 1968లోనే సుప్రీంకోర్టు చెప్పియుండెను. తెలంగాణ ప్రభుత్వము 2017లో చట్టమును సవరించి ఆ సందు మూసెను. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము, నేర్పైనను అదృష్టమైనను, డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించుచున్నది. నడిపినవారికి 3 ఏండ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు చేసినవారికి 2 ఏండ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఆడినవానికి ఈ చట్టము శిక్ష విధింపలేదు.

ఈ చివరి సంగతి సంఘము గమనింపవలెను. చట్టము విడిచిన వానిని మన నాలుకలు శిక్షింపవచ్చునా? పాపమును పాపమనియే చెప్పుదము. అయితే పడినవానిని సాత్వికముతో లేవనెత్తి, వాని భారము మోయుమని పౌలు బోధించెను. అప్పు దాచుకొన్న యౌవనుని సిగ్గు మరల పందెమునకు, ఒక్కొక్కప్పుడు ప్రాణము తీసికొనుటకు త్రోయును. గనుక పెద్దలు వాని మాట ఓపికతో వినవలెను; అప్పుల లెక్క ఇంటివారి యెదుట పెట్టింపవలెను; చేతికి డబ్బియ్యక పని చూపవలెను. డబ్బు విషయమై ఫోనులో మోసపోయినచో 1930కు, మనస్సు క్రుంగినచో 14416కు ఫోను చేయింపవలెను.

చట్టము తలుపు మూయగలదు. హృదయములోని ఆశను ప్రభువే మార్చవలెను. కష్టించి కొంచెము కొంచెముగా కూర్చినదే నిలుచునని సొలొమోను నేర్పుచున్నాడు.

ఆలోచించుడి:
1. మన సంఘములో అప్పుపడినవాడు భయము లేక ఎవరియొద్దకు రాగలడు?
2. మన పిల్లలు మన చేతులలో ఏమి చూచుచున్నారు?