మాంద్యం – బాలల చదువు

వ్యాపారం మందగించినపుడు తొలి దెబ్బ వర్తకుని గల్లాపెట్టెకు, మలి దెబ్బ కూలివాని పొయ్యికి తగులుతుంది. చివరి దెబ్బ పసివాని పలకపై పడుతుంది. అయితే ఆ దెబ్బ అన్ని ఇండ్లలోనూ ఒకే విధంగా ఉండదు.

ఉత్పత్తి, ఉపాధి, కొనుగోళ్ళు తగ్గిపోయి కొంతకాలం కోలుకోని స్థితిని ఆర్థికమాంద్యం అంటారు. కరోనా కారణంగా 2020 మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలైంది. పనులు నిలిచాయి, బడులు మూతపడ్డాయి. 2020-21లో మన స్థూల దేశీయోత్పత్తి సుమారు 6 శాతం క్షీణించింది.

సంపన్నులకు పొదుపు అండగా నిలిచింది. వారి పిల్లలకు కంప్యూటరే తరగతిగది అయింది. మధ్యతరగతివారికి ఫీజు మోయలేని భారమైంది. చాలామంది తమ పిల్లలను ప్రైవేటు బడి మాన్పించి ప్రభుత్వ పాఠశాలలో చేర్పించారు. అసర్ సర్వేల ప్రకారం గ్రామీణ ప్రాంతాలలో 6-14 ఏండ్ల పిల్లలలో ప్రభుత్వ బడులలో ఉన్నవారు 2018లో 64.3 శాతం కాగా, 2021 నాటికి 70.3 శాతానికి పెరిగారు.

నిరుపేదల కష్టం వేరు. బడితోపాటు మధ్యాహ్నం దొరికే వేడి అన్నమూ వారి పిల్లలకు దూరమైంది. ఇంటిలో ఒకే ఫోను ఉంటే అది పనికి వెళ్ళే తండ్రి వెంట పోయేది. పూట గడవని ఇంట పిల్లవాని రెండు చేతులూ సంపాదనకు అక్కరకు వస్తాయి. ఆడపిల్ల అయితే ఇంటిపని, తమ్ముళ్ళ ఆలనాపాలనా ఆమెపై పడతాయి. వెనుకబడిన పాఠాన్ని మళ్ళీ నేర్చుకోవచ్చు. కూలికి అలవాటుపడిన బాలుడు తిరిగి బడిమెట్లు ఎక్కడం అరుదు.

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏండ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హామీ ఇచ్చింది. ఇంటర్మీడియట్ చదివే వయసు ఆ పరిధికి ఆవల ఉంది. కుటుంబ ఆదాయం పడిపోయినపుడు చదువు మానే ప్రమాదం ఈ వయసులోనే ఎక్కువ. కనుక ఉపకారవేతనాలు, వసతిగృహాలు కష్టకాలంలో మరింత అవసరం. ఖర్చు తగ్గించే పేరుతో ప్రభుత్వాలు మొదట వీటినే కుదిస్తే, ఒక ఏటి లోటు ఒక తరాన్ని వెంటాడుతుంది.

తరగతిలో ఒక సహవిద్యార్థి చోటు హఠాత్తుగా ఖాళీ అయితే, అతడు సోమరి అని తీర్మానించకండి. ఎందుకు రాలేదో అతని ఇంటికి వెళ్ళి అడగండి. తెలిసిన విషయం మీ అధ్యాపకులకు చెప్పండి. సకాలంలో అందిన చిన్న సాయం ఒక చదువును నిలబెట్టగలదు.