సంతకం ఉంది కదా అని...

ప్రశ్న: హైదరాబాద్‌లో మాస్ కమ్యూనికేషన్ ఆఖరి సెమిస్టర్ చదువుతున్నాను మేడమ్. ప్రాజెక్టు కోసం డాక్యుమెంటరీ పద్ధతిలో ఓ షార్ట్ ఫిల్మ్ తీశాను. కొన్నేళ్ల క్రితం నా స్నేహితురాలిపై లైంగిక దాడి జరిగింది. ఆ తర్వాత తన బతుకు ఎలా మారిందన్నదే సినిమా. తనే ఒప్పుకుంది, ఫారమ్ మీద సంతకం కూడా పెట్టింది. రఫ్ కట్ చూశాక మాత్రం ‘నన్ను తీసెయ్యవే’ అంటోంది. మొహం బ్లర్ చేస్తానన్నా వినడం లేదు. తను ఏడ్చే షాటే సినిమాకి ప్రాణమని మా సార్ అంటున్నారు. నెలాఖరుకి ఇచ్చెయ్యాలి. పైగా ఇది నలుగురికీ తెలియాల్సిన విషయం కదా! ఏం చెయ్యను?
- ఓ విద్యార్థిని

సలహా: తీసెయ్యమ్మా. మిగతా జవాబులో నీకు ఏ సందూ దొరక్కూడదని ముందే చెప్పేస్తున్నాను.

బాధితురాలెవరో తెలిసేలా ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఆమె రాతపూర్వకంగా ఒప్పుకుంటే మినహాయింపు ఉంది, నిజమే. కానీ నోరు తెరిచి వద్దంటున్న స్నేహితురాలికి ఆ కాగితం చూపిస్తావా? ఇక బ్లర్ సంగతి. పేరే కాదు, ఆమెను దూరాన్నుంచైనా గుర్తుపట్టించే ఏ వివరమూ బయటపెట్టకూడదని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గొంతు, యాస, వెనకాల కనిపించే హాస్టల్ మెట్లు చాలవూ? బ్లర్ చేస్తే పోల్చుకోలేనిది ముక్కూమొహం తెలియనివాళ్లే. ఆమె భయం తెలిసినవాళ్లతోనే.

నిషా పహూజా తీసిన ‘టు కిల్ ఎ టైగర్’ చూశావా? జార్ఖండ్‌లో 13 ఏళ్ల పిల్లపై జరిగిన సామూహిక అత్యాచారం గురించి. ఆ అమ్మాయికి 18 నిండాక సినిమా చూపించి, మొహం కనిపించాలో వద్దో ఆమెనే తేల్చుకోమన్నారు. ఆమె సరేనంది. నీ స్నేహితురాలు కాదంది. రెండూ ఒకే హక్కు.

మీ సార్‌తో నాకు పేచీ ఉంది. అలాంటి దాడి తర్వాత జ్ఞాపకం చాలామందికి వరసగా రాదు, ముక్కలుగా వస్తుంది. ఓ వాసనో, చప్పుడో తగిలితే మనిషి మళ్లీ ఆ దాడి జరిగిన చోటే ఉన్నట్టు వణికిపోవచ్చు. కెమెరా ముందు ఏడ్చినప్పుడు ఆమె నీకు కథ చెప్పడం లేదు, అక్కడికే వెళ్లిపోయి ఉండొచ్చు. దానికి మార్కులేమిటి? లైటు వేసుకునే పడుకోవడం, లిఫ్టులో ఒక్క మగాడుంటే మెట్లెక్కడం, ‘ఆ టైంలో బయటికెందుకు వెళ్లావ్’ అన్న ఇంటివాళ్ల మాట... గాయం ఉండేది అక్కడ. అవి చూపించడానికి ఆమె మొహం అక్కర్లేదు.

కథ వాడుకోవచ్చా అని మళ్లీ అడుగు. సరేనంటే ఊరు, చదువు, గుర్తులన్నీ మార్చి నటితో తియ్యి. అది నటన అని మొదట్లోనే అక్షరాల్లో వెయ్యి. డాక్యుమెంటరీలా తీస్తే జనం నిజమనే నమ్ముతారు కాబట్టి అది దాచకూడదు. అదీ వద్దంటే బాధితులకు అండగా ఉండే సఖి కేంద్రంలోనో, భరోసా కేంద్రంలోనో పనిచేసే కౌన్సెలర్లను అనుమతితో కలువు. దాడి జరిగిందన్న మాట మొదట చెవిన పడ్డప్పుడు మనం ఏం చెయ్యాలో వాళ్లు చెబుతారు. సినిమా దాని మీదే తియ్యి.

గడువు పెంచమని రేపే అడుగు. ఎడిటర్ లాప్‌టాప్‌తో సహా ఆ ఫుటేజీ ఎక్కడెక్కడ ఉందో లెక్క తీసి, ఉంచాలో తుడిచెయ్యాలో ఆమెకే వదిలెయ్యి. రఫ్ కట్ చూశాక ఆమెకు నిద్ర పడుతోందో లేదో కనుక్కో. మాట్లాడాలనిపిస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, మహిళా హెల్ప్‌లైన్ 181 రాత్రీపగలూ పలుకుతాయి.