శరణార్థుల రాకతో చెడిన నేలకు బాధ్యులెవరు?

శరణార్థులు దిగిన చోట చెట్లు వంటచెరకవుతాయి, బావులలో నీరు అడుగంటుతుంది, పచ్చిక తరుగుతుంది. ప్రాణభీతితో వచ్చినవారిని అందుకు నిందించడం సులభమే గాని న్యాయం కాదు. ఆశ్రయమిచ్చినందుకు ఆ దేశమే నష్టాన్ని భరించాలనడమూ అంతే. 1951 నాటి శరణార్థుల ఒడంబడిక, ఆశ్రయం పొందినవారు ఆ దేశపు చట్టాలకు లోబడాలని చెబుతుంది. పాడైన నేలను ఎవరు బాగుచేయాలో చెప్పదు.

ఈ ప్రశ్నకు ఒక్కసారి మాత్రం స్పష్టమైన సమాధానం లభించింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించగా లక్షలాది జనం జోర్డాన్ చేరారు. కువైట్‌లో పనిచేస్తున్న తెలుగువారూ వారిలో ఉన్నారు. లక్షకు పైగా భారతీయులను జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుండే విమానాలలో స్వదేశానికి చేర్చారు. వీరు దారిన పోయినవారు. గొర్రెలు, మేకలు, ఒంటెల మందలను తోలుకొని వచ్చి అక్కడే నిలిచినవారు వేరు. అసలే వానలు తక్కువైన బాదియా అనే మెట్టభూములలో ఆ మందలు మేయగా పచ్చిక వేళ్లతో సహా నశించింది. వన్యమృగాలకూ మేత కరువైంది.

1991 ఏప్రిల్‌లో భద్రతా మండలి తన 687వ తీర్మానంలో, ఆక్రమణ వలన నేరుగా కలిగిన నష్టాలకు ఇరాక్ బాధ్యత వహించాలని నిర్ణయించింది. పర్యావరణ నష్టాన్ని, ప్రకృతి వనరుల తరుగుదలను అందులో పేర్కొనడం విశేషం. పరిహారాల పరిశీలనకు ఏర్పడిన ఐక్యరాజ్య సమితి కమిషన్, 2005లో జోర్డాన్ పచ్చికభూములకు, వన్యప్రాణి ఆవాసాలకు కలిగిన నష్టానికి సుమారు 16 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. ఆ సొమ్ము ఇరాక్ చమురు ఆదాయం నుండి వచ్చింది. నేలను తొక్కినది శరణార్థుల మందలే అయినా, వారిని తరిమిన రాజ్యమే బాధ్యురాలని తేలింది.

అయితే జోర్డాన్ అడిగినదంతా దక్కలేదు. భూగర్భజలాలు చెడినవన్న వాదన సాక్ష్యం చాలక వీగిపోయింది. జనం రాకముందు బావి నీరు ఎలా ఉండేదో చూపే కొలతలు లేకపోతే, తరువాతి ఉప్పదనానికి కారణమెవరో నిరూపించడం దుస్సాధ్యం. పురపాలక కార్యాలయాలలో ఎవరూ తిరగేయని నీటి పరీక్షల రిజిస్టర్లకు ఇటువంటి వేళనే విలువ తెలుస్తుంది.

2017 ఆగస్టు తరువాత మయన్మార్ నుండి 7 లక్షలకు మించిన రోహింగ్యాలు బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ చేరినప్పుడు అడవి గుట్టలు బోడివయ్యాయి, ఏనుగుల దారులు మూసుకుపోయాయి. మయన్మార్‌పై అటువంటి తీర్మానమేదీ రాలేదు. ఖర్చు బంగ్లాదేశ్‌పైన, దాతల పైన పడింది. 2018 నుండి శిబిరాలలో గ్యాస్ సిలిండర్లు పంచసాగాక కట్టెల కోత బాగా తగ్గి, గుట్టలపై మళ్లీ మొక్కలు నాటడానికి వీలు కలిగింది.