మలుపులో బస్సుండగా పచ్చదీపం వెలగకూడదు

చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్ ఎక్కే దారిలో ఒక ఇరుకు మలుపు ఉందనుకోండి. ఒకసారికి ఒకవైపు బళ్లే పోవాలి. రెండు చివర్లా సిగ్నల్ దీపాలు, బళ్లను లెక్కపెట్టే సెన్సర్లు, అన్నిటినీ నడిపే చిన్న చిప్. ఆ చిప్ డిజైన్‌లో తప్పు లేదని తయారీకి ముందే తేల్చాలి.

సిమ్యులేషన్‌లో మనకు తోచిన సందర్భాలనే పరీక్షిస్తాం. రెండు 32 బిట్ల సంఖ్యలను కూడే సర్క్యూట్‌కు సెకనుకు వంద కోట్ల జతలు ఇచ్చినా, అన్నీ పూర్తయ్యేసరికి 580 ఏళ్లు దాటుతుంది. అలా పరీక్షలకు చిక్కని తప్పొకటి 1994లో ఇంటెల్ పెంటియం చిప్ భాగహారంలో బయటపడి, ఆ కంపెనీ 47.5 కోట్ల డాలర్ల భారం మోసింది. ఫార్మల్ వెరిఫికేషన్ టూల్ అయితే సాధ్యమైన దారులన్నిటినీ గణితంతో ఒకేసారి వెతుకుతుంది.

1. నియమం రాయండి. ‘రెండు పచ్చదీపాలు ఒకేసారి వెలగకూడదు.’ చిప్ డిజైన్లు రాసే సిస్టమ్‌వెరిలాగ్ భాషలో ఇది ఒక్క లైను అసర్షన్. దీపాలు మార్చే టైమర్‌ని ముప్పై సెకన్ల నుంచి మూడు క్లాక్ టిక్కులకు కుదించండి, టూల్‌కు పని తేలికవుతుంది. నడపండి. పాస్!

2. నియమాన్నే అనుమానించండి. గుద్దుకునేవి దీపాలు కావు, బళ్లు. అందుకే తిరగరాయండి: ‘మలుపులో ఇటు బండి ఉండగా అటు పచ్చదీపం వెలగకూడదు.’ వాహనాలు పచ్చదీపం ఉన్నప్పుడే లోపలికి వస్తాయన్నది మన షరతు, దాన్ని అజంప్షన్‌గా రాయండి. ఈసారి టూల్ కౌంటర్‌ఎగ్జాంపుల్ చూపిస్తుంది: బస్సు మలుపులోకి వచ్చింది, టైమర్ అయిపోయింది, ఎదురుగా లారీకి పచ్చదీపం.

3. డిజైన్ దిద్దండి. లోపలి బళ్ల లెక్క సున్నా అయ్యేదాకా రెండువైపులా ఎర్రదీపమే. మళ్లీ ఫెయిల్! పచ్చదీపం ఆరే టిక్కులోనే బస్సు దూరింది, లెక్క పెరిగేది తర్వాతి టిక్కులో. ఈలోపు చిప్ సున్నా చూసి అటువైపు దారి ఇచ్చేసింది. ఇంకో టిక్కు ఆగేలా మార్చండి. ఇప్పుడు ప్రూఫ్ వస్తుంది.

4. ఎదురుచూపు గురించి అడగండి. ‘ఆగిన ప్రతి బండికీ ఎప్పటికైనా దారి దొరకాలి.’ టూల్ ఒప్పుకోదు. మలుపులో బస్సు చెడిపోతే లెక్క ఎప్పటికీ సున్నా కాదు. ‘లోపలికి వెళ్లిన ప్రతి బండీ బయటికి వస్తుంది’ అని అజంప్షన్ చేర్చగానే పాస్ అవుతుంది.

5. ప్రూఫ్ ఉత్తదేమో చూడండి. పొరపాటున ‘అసలు బళ్లే రావు’ అని అర్థమొచ్చే షరతు రాస్తే అన్ని నియమాలూ నెగ్గుతాయి. ‘బస్సు వచ్చి దాటిపోయే దారి ఒక్కటైనా చూపించు’ అని కవర్ ప్రాపర్టీ రాయండి. అది దొరక్కపోతే షరతుల్లోనే తప్పుంది.

చివరగా, అజంప్షన్ల జాబితాను ప్రూఫ్‌తో పాటే అప్పగించండి. ఘాట్‌లో బళ్లు చెడిపోతూనే ఉంటాయి. నాలుగో మెట్టులో రాసిన ఆ వాక్యాన్ని చిప్ నిలబెట్టలేదు. అది రోడ్డు మీద మనుషుల పని, వాళ్లకు ముందే తెలియాలి.