చదువురాని అమ్మ చదివించలేదా?

ప్రశ్న: నేను బడి మొహం చూడలేదు. కూలికి వెళ్తాను. మా బాబు గవర్నమెంటు స్కూల్లో మూడో తరగతి, ఇంగ్లిషు మీడియం. వాడు చదువుకుంటుంటే పక్కన కూర్చుంటాను గానీ ఏమీ చెప్పలేను. ట్యూషన్ పెట్టించే స్తోమత లేదు. నేనేం చేయగలను?
– ఒక తల్లి, ఆదోని

జవాబు: అమ్మా, చాలా చేయగలరు. రోజూ ఓ పావుగంట బాబు చేత పైకి చదివించుకుని వినండి. కూడబలుక్కుంటున్నాడో, గడగడా చదువుతున్నాడో తెలియడానికి మీకు అక్షరాలు రానక్కర్లేదు, చెవి చాలు. చదవడం అయ్యాక "ఏం జరిగిందో నాకు చెప్పు" అనండి. చెప్పలేకపోతే వాడికి అర్థం కాలేదన్నమాట. తిట్టకండి, మళ్లీ చదివించండి. లెక్కలు, పరిసరాల పుస్తకాల్లో ఇంగ్లిషు పేజీకి ఎదురుగా అదే పాఠం తెలుగులో ఉంటుంది. ముందు అది చదవమనండి. సంగతి తెలుగులో తెలిశాక ఇంగ్లిషు అంత బెదిరించదు.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే నచ్చినది: మీ చిన్ననాటి సంగతో, మీ అమ్మ చెప్పిన కథో మీరు చెబుతుంటే బాబును రాయమనండి. రాసింది చదివి వినిపించమనండి. తప్పులు ఉండనివ్వండి. తెలిసిన మాటలే కాగితం మీద కనబడితే పిల్లలు ఇష్టంగా చదువుతారు. పొడుపు కథలు, సామెతలు, పనిచేసుకుంటూ చెప్పుకునే కబుర్లు, ఇవన్నీ చదువులో భాగమే. పిల్లాడికి ఎన్ని మాటలు తెలిస్తే చదివింది అంత బాగా అర్థమవుతుంది.

టీచరును కలిసినప్పుడు "మావాడు ఎలా చదువుతున్నాడు" అని అడిగితే "పర్లేదమ్మా" అన్న జవాబే వస్తుంది. "తెలుగు పాఠం తనంతట తాను చదివి అర్థం చేసుకోగలుగుతున్నాడా" అని అడగండి. మూడో తరగతికల్లా ప్రతి బిడ్డకూ ఇది రావాలన్నదే 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం. పిల్లల హాజరు, చదువు సంగతులు తల్లిదండ్రులకు చెప్పడం టీచర్ల బాధ్యతని విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లో ఉంది. కాబట్టి మొహమాటపడకండి.

ప్రశ్న: నన్ను స్కూలు కమిటీలోకి ఎన్నుకున్నారు. సంతకాలకు తప్ప పిలవడం లేదు. ఏం అడగాలో కూడా తెలియదు.
– మరో తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. బడి నడిచే తీరు చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చయ్యాయో గమనించడం మీ పనులు. సమావేశం పుస్తకంలో ఏం రాశారో పైకి చదివి వినిపించాకే సంతకం పెట్టండి. గోడలు, రంగుల సంగతితో పాటు, మూడో తరగతి దాటినా చదవలేకపోతున్న పిల్లలు ఎందరో, వారికోసం ఏం చేస్తున్నారో ప్రతి సమావేశంలోనూ అడగండి. సమావేశం సాయంత్రం పెట్టమని పట్టుబట్టండి. కూలికి వెళ్లే తల్లిదండ్రులు రాగలిగేది అప్పుడే.