ఒక చెట్టు, పది రకాల పూలు

ఆ నాలుగు రంగుల ముఖాలు తీసెయ్యి తల్లీ. జాతులు కలిసిన సంగతి ఒక్క వస్తువులో ఎలా చూపించాలని అడిగి, నేను చెప్పేలోపే చేతులు కలిపిన బొమ్మ గీసి పంపావు. సర్కారు గోడమీద పోస్టరులా ఉంది. ఉయ్యూరులో పెరిగిన పిల్లవి, బందరు దాటి పెడన దాకా ఒక్కసారైనా వెళ్లి కలంకారీ అద్దకం చూడలేదా?

బందరు రేవుకి గోల్కొండ కాలంలో పారశీకులు, ఆర్మీనియన్లు వచ్చారు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు. అందరికీ కావలసింది మన రంగు గుడ్డే, కానీ ఎవరి ముచ్చట వాళ్లది. పారశీకులకు సైప్రస్, దానిమ్మ కావాలి. ఇంగ్లీషువాళ్లకు తెల్ల నేల మీద పూలు కావాలి. సైప్రస్ చెట్టు మన దివిసీమలో ఎవడు చూశాడు? అయినా మన అద్దకంవాళ్లు వేశారు, పక్కనే మన తామరనూ చిలకనూ ఉంచుకున్నారు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మన కోరమాండల్ తీరపు పలంపోర్ దుప్పట్లున్నాయి, వెతికి చూడు. వాటిలో రాతిగుట్ట మీద ఒకటే చెట్టు, కొమ్మకో జాతి పువ్వు. ఏ తోటమాలీ ఒప్పుకోడు! మనిషి ముఖం ఒక్కటీ లేకపోయినా రేవులో ఎవరెవరు దిగారో తెలిసిపోతుంది.

రంగు సంగతి కూడా విను, నాకు అసలు ఇష్టమైంది ఇదే. కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నీళ్లు అద్దితే నలుపు. ఎరుపు కావలసినచోట పటిక నీళ్లు అద్దుతారు. అది ఎరుపు కాదు, వట్టి తడి మరకలాంటిదే. తర్వాత గుడ్డంతా ఒకే కాగులో వేసి ఉడికిస్తారు, పూర్వం చిరువేరుతో. పటిక పడినచోట ఎరుపు తేలుతుంది, పలచగా పడితే లేత ఎరుపు, ఇనుప నీళ్లు కలిస్తే ముదురు గోధుమ. కాగు ఒకటే, వేరు ఒకటే. నువ్వేమో రంగుకో డబ్బా కొనేశావు!

ఇప్పుడు పని. ఒక చెట్టు గీయి. పువ్వులు మాత్రం నువ్వు ఎవరెవరి గురించి చెప్పాలనుకున్నావో వాళ్ల ఇంటి గుడ్డల మీదివి తీసుకో, ఊహించకు, అడిగి తెలుసుకో. గీసినదానికి టేకు చెక్కలో అచ్చులు చెక్కిద్దాం, రేఖ అచ్చు ముందు, నింపుడు అచ్చులు ఆ తర్వాత. ఫోన్లో ఫోటో చూపిస్తే చెక్కేవాళ్లకు కొలత తెలియదు, అసలు కొలతకే కాగితం మీద గీసి పట్టుకురా. పెడనకు నేనూ వస్తాను.

మీ తాతయ్య