ఇంటి ప్రమాదములు – ప్రథమ చికిత్స

బిడ్డలు పాఠశాలలో గడపు కాలము దినమునకు ఆరేడు గంటలు మాత్రమే. తక్కిన కాలమంతయు ఇంటిలోను, వీధిలోను, పొలము గట్లమీదను గడచును. చేయి తెగుటయు, కాలు బెణుకుటయు, కుక్క కరచుటయు ఎక్కువగా అచ్చటనే జరుగును. ఆ సమయమున బిడ్డ దగ్గర నుండువారు వైద్యులు కారు; తల్లియో, అవ్వయో, అక్కయో యుందురు. వారు మొదటి పది నిమిషములలో చేయు పనియే పెక్కు సందర్భములలో బిడ్డ మేలుకీడులను నిర్ణయించును. దీనినే ప్రథమ చికిత్స యందురు. చేయవలసినదానిని వెంటనే చేయుట, చేయరానిదానిని మానుట – ఈ రెండే దాని సారము.

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములు 2007లో కోలారు జిల్లానుండి విడివడి క్రొత్త జిల్లాలో చేరినవి. ఇది మెట్టభూమి, రాతిగుట్టల సీమ. రాగియు, వేరుసెనగయు, టమాటయు, ద్రాక్షయు, పట్టుపురుగులకై మల్బరియు ఇచ్చటి పంటలు. ఇంటి ప్రమాదములు కూడ ఈ జీవనమునుండియే పుట్టుచున్నవి. గుట్టలయందు తేళ్లు, పాములు. పొలమునకై తెచ్చిన పురుగుమందులు. పట్టుగూళ్లనుండి దారము తీయుచోట్ల కాగు నీటి తొట్లు – ఇవి మన యెరుగనివి కావు. కనుక ఈ వ్యాసమున మన యిండ్లలో నిజముగా జరుగు ప్రమాదములను గూర్చియే ముచ్చటింతుము.

1. తెగిన గాయములు

కత్తిపీటవలనను, పగిలిన గాజులవలనను, రేకులవలనను కలుగు గాయములు నిత్యము చూచునవే. మొదట మన చేతులు సబ్బుతో కడుగుకొని, గాయమును పారు నీటితో బాగుగా కడుగవలెను. పిమ్మట శుభ్రమైన గుడ్డను మడచి, గాయముపై గట్టిగా అదిమి పట్టవలెను. పది నిమిషముల వరకు ఎత్తి చూడరాదు. మాటిమాటికి ఎత్తి చూచినచో గడ్డకట్టుచున్న రక్తము మరల కారును. చేయి గాని కాలు గాని గుండె మట్టమునకంటె ఎత్తుగా పట్టుట మేలు.

కాఫీపొడి, సున్నము, బూడిద, పేడ – వీనిని గాయములో పెట్టు అలవాటు నేటికిని కొన్ని యిండ్లలో కలదు. రక్తము నిలిచినట్లు కనుపించును గాని, మట్టియందును పేడయందును ఉండు ధనుర్వాత క్రిములకు మనమే దారి చూపినవారమగుదుము. ధనుర్వాతమునకు త్రుప్పు కారణమని పలువురు తలంతురు. కారణము త్రుప్పు కాదు, మేకుతోకూడ లోతుగా దిగిన మట్టి. కావున మేకు గాని ముల్లు గాని లోతుగా గ్రుచ్చుకొన్నపుడు, పైకి చిన్న గాయమైనను ఆసుపత్రికి పోవలెను. బిడ్డకు 5 – 6 ఏండ్లలోను, 10వ యేటను, 16వ యేటను వేయవలసిన టీకాలు వేయించి, ఆ చీటిని భద్రపరచినచో వైద్యుని పని సులభమగును.

2. కాలిన గాయములు

కాలినచోట వెంటనే చేయవలసినది ఒక్కటే: చల్లని పారు నీటి క్రింద 20 నిమిషములు ఉంచుట. ఇరువది నిమిషములనగా చాల సేపు. గడియారము చూచియే లెక్కింపవలెను. చర్మము పైపైన చల్లబడినను లోపలి వేడి మిగిలి కండను ఇంకను కాల్చుచుండును. అందుచేతనే యింత కాలము. వాపు రాకమునుపే గాజులు, ఉంగరము, మొలత్రాడు తీసివేయవలెను. మంచుగడ్డను మాత్రము పెట్టరాదు. అది కాలిన చర్మమునకు మరియొక హాని చేయును.

సిరా, పండ్ల పేస్టు, నెయ్యి, ఇడ్లీపిండి – ఇట్టివానిని పూయుటవలన వేడి లోపలనే నిలుచును. గాయము ఎంత లోతో వైద్యునికి తెలియకుండపోవును. బొబ్బలను చిదుపరాదు. శుభ్రమైన పలుచని గుడ్డ కప్పిన చాలును. కాలిన భాగము బిడ్డ అరచేతికంటె పెద్దదైనను, ముఖము, చేతులు, కీళ్లు, మర్మస్థానములు కాలినను, విద్యుత్తువలన కాలినను తడవు చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

తాంబూలపు సంచిలోని సున్నపు డబ్బీని గూర్చి ఒక మాట. బిడ్డ దానిని నొక్కినపుడు సున్నము కంటిలో చిందుట కలదు. సున్నము కంటిపొరను కాల్చివేయును. రెప్పలు విప్పి పట్టి, కనీసము 20 నిమిషములు నీటిధార పోయుచు కడిగి, ఆ పిమ్మట కంటివైద్యునికడకు పోవలెను. కడుగకయే పరుగెత్తినచో దారిలోనే చూపునకు కీడు కలుగవచ్చును. చనుబాలు, నూనె మొదలగునవి కంటిలో పోయరాదు.

3. ముక్కు, గొంతు

ముక్కునుండి రక్తము కారినపుడు తల వెనుకకు వాల్చుట తప్పు. రక్తము గొంతులోనికి దిగి వాంతి యగును. బిడ్డను కూర్చుండబెట్టి, తల కొంచెము ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగమును రెండు వ్రేళ్లతో పది నిమిషములు అదిమి పట్టిన చాలును.

వేరుసెనగ పప్పు మన పల్లెలలో బిడ్డల చేతిలో నెల్లప్పుడు నుండునది. గొంతున అడ్డుపడుటయందును దానికి పేరు. బిడ్డ దగ్గగలుగుచున్నంత వరకు దగ్గనీయవలెను. దగ్గు గాని మాట గాని రాక ముఖము నీలమగుచున్నచో, ముందుకు వంచి, రెండు రెక్కల నడుమ అరచేతి మొదలుతో 5 సారులు గట్టిగా చరచవలెను. అప్పటికిని రానిచో వెనుక నిలిచి, బొడ్డునకు కొంచెము పైన పిడికిలి నుంచి, లోనికిని పైకిని 5 సారులు నొక్కవలెను. ఈ రెండవ పద్ధతిని 1974లో అమెరికా వైద్యుడైన హెన్రీ హైమ్లిక్ లోకమునకు తెలిపెను. ఏడాది నిండని శిశువునకు పొట్ట నొక్కరాదు. బోర్లించి వీపుపై చరచుటయు, వెల్లకిలగా త్రిప్పి రొమ్ము నడుమ నొక్కుటయు చేయవలెను. కనుపింపని వస్తువుకొరకు గొంతులో వ్రేలు పెట్టి కెలకరాదు. అయిదేండ్లలోపు బిడ్డలకు పప్పుగింజలను పొడిచేసి పెట్టుటయే క్షేమము.

4. బెణుకులు, తలదెబ్బలు, మూర్ఛ

కాలు బెణికినపుడు నూనెతో గట్టిగా తోముట మనవారి అలవాటు. విరిగిన యెముకయో, బెణికిన నరమో తెలియకయే తోముటవలన నొప్పియు వాపును హెచ్చును. కదలింపక, చల్లని తడిగుడ్డ వేసి, ఎత్తుగా నుంచవలెను. ఎవరు కట్టు కట్టినను, వ్రేళ్లు చల్లబడి నల్లబడుచున్నచో వెంటనే కట్టు వదులు చేయింపవలెను. లేనిచో రక్తము ఆడక అవయవమునకే ముప్పు.

తలకు దెబ్బ తగిలిన బిడ్డను ఒక దినమైనను కనిపెట్టి యుండవలెను. మరల మరల వాంతి యగుట, లేపినను లేవని మత్తు, మూర్ఛ, చెవినుండి గాని ముక్కునుండి గాని నీరో రక్తమో కారుట – వీనిలో ఏ యొక్కటి కనుపించినను రాత్రియని సందేహింపక పోవలెను.

మూర్ఛ వచ్చిన బిడ్డ చేతిలో తాళపుచెవి పెట్టుటవలన ఫలము లేదు. నోటిలో చెంచా పెట్టినచో పండ్లు విరుగును. ప్రక్కకు ఒత్తిగిలజేసి, చుట్టునున్న వస్తువులు తొలగించి, ఎంతసేపు వచ్చినదో చూచుకొనవలెను. అయిదు నిమిషములు దాటినచో ఆసుపత్రికి పోవలెను.

5. కుక్క కాటు

ఇంతవరకు చెప్పినవానిలో కొంత ఆలస్యమైనను సరిదిద్దుకొనవచ్చును. కుక్కకాటు విషయమున అట్లు కాదు. పిచ్చికుక్క రోగలక్షణములు పైబడిన పిమ్మట బ్రతుకుట దాదాపు లేదు. లక్షణములు రాకమునుపు టీకా సక్రమముగా వేసికొన్నవారికి భయము లేదు. 1885లో లూయీ పాశ్చరు కుక్క కరచిన జోసెఫ్ మైస్టరను బాలునికి మొదట ఈ చికిత్స చేసి కాపాడెను. దక్షిణ భారతమున 1907లోనే కూనూరునందు పాశ్చరు సంస్థ వెలసినది. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు పొడుతురను భయము ఇప్పటికిని కొందరిని ఆసుపత్రికి దూరము చేయుచున్నది. ఆ పాత టీకా 2005 నాటికే మన దేశమున నిలిచిపోయినది. ఇప్పటివి చేతికి వేయు కొలది సూదులే.

కరచిన వెంటనే సబ్బుతోను పారు నీటితోను 15 నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, ఆకుపసరు పూయరాదు. గీరినను, పుండుపై నాకినను ఉపేక్షింపరాదు. పిల్లికిని కోతికిని ఇదే న్యాయము. నందికొండకు విహారమునకు పోయినపుడు తల్లిదండ్రులు దీనిని జ్ఞప్తియందుంచుకొనవలెను. వైద్యుడు చెప్పిన దినములన్నిటను టీకా వేయింపవలెను. గాయము మానినదని నడుమ మానుట ప్రాణాపాయము. బిడ్డలు దెబ్బలకు వెరచి కుక్క గీరిన సంగతి దాచుట కలదు. కావున ఇట్టి సంగతి చెప్పిన బిడ్డను దండింపకుండుటయు చికిత్సలో భాగమే.

6. తేలు, పాము

తేలు కుట్టినపుడు నొప్పి మాత్రమే యున్న భయము లేదు. ఒడలెల్ల చెమట పోయుట, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడుట, ఆయాసము – ఇవి గుండెకు విషమెక్కిన గుర్తులు. బిడ్డలలో ఇవి త్వరగా వచ్చును. మహారాష్ట్రమున పల్లెవైద్యము చేసిన హిమ్మత్‌రావు బావస్కరుగారు ప్రాజోసిన్ అను మందు ఈ స్థితిలో ప్రాణము నిలుపునని 1986లో ప్రకటించిరి. మంత్రము వేయించుచు గడపిన గంటయే ఈ మందునకు దొరకవలసిన గంట.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర – మన దేశమున పాముకాటు మరణములు చాలవరకు ఈ నాలుగింటివలననే. కరచినచోట కోయరాదు, పీల్చరాదు, త్రాటితో బిగింపరాదు. బిడ్డను నడువనీయక, కరచిన అవయవమును బద్దకట్టి కదలకుండ జేసి, పాముకాటు విరుగుడుమందు ఉన్న ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పామును చంపి తెచ్చుటకై కాలము వ్యర్థము చేయనక్కరలేదు. మన దేశమున దొరకు విరుగుడు ఈ నాలుగు పాములకును పనిచేయును. కట్లపాము రాత్రివేళ నేలపై నిదురించువారిని కరచును. నొప్పి గాని వాపు గాని కనుపింపకపోవచ్చును. తెల్లవారుజామున బిడ్డ కడుపునొప్పి యని లేచి, రెప్పలు వాలుచున్నచో దీనిని తలపవలెను. మంచముపై దోమతెర క్రింద పరుండబెట్టుట దీనికి మంచి కాపు. కర్ణాటక ప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో పాముకాటును ఆసుపత్రులు తప్పక తెలియజేయవలసినవానిలో చేర్చినది.

7. విషపదార్థములు

పురుగుమందును పానీయపు సీసాలో పోసి యుంచుట ప్రమాదములన్నిటిలో మనమే కొనితెచ్చుకొనునది. కిరసనాయిలు గాని పురుగుమందు గాని మ్రింగిన బిడ్డకు వాంతి చేయింపరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. మందు సీసాతోకూడ బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఆట బొమ్మలలోని గుండ్రని చిన్న బ్యాటరీని మ్రింగినను అట్లే తడవు చేయరాదు.

8. ఇంటి పెట్టె, ఆసుపత్రి మాట

సబ్బు, దూది, గాజుగుడ్డ, కట్టుగుడ్డలు, కత్తెర, జ్వరమాని, పారాసిటమాలు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు ఒక పెట్టెలో నుంచి, బిడ్డలకు అందని, పెద్దలకు తెలిసిన చోట పెట్టవలెను. 108 సంఖ్యకు పిలిచిన ఉచితముగా బండి వచ్చును. ఈ యేర్పాటు ఆంధ్రప్రదేశమున 2005లోను, కర్ణాటకమున 2008లోను ఆరంభమైనది.

మన యిండ్లలో మాట తెలుగు. ఆసుపత్రిలో మాట పెక్కుసారులు కన్నడము. ఆత్రములో నున్న అవ్వకు మాట దొరకక కాలము జారిపోరాదు. కావున ఈ కొలది మాటలు ఇంటిల్లిపాదియు నేర్చుట మంచిది:

కుక్క కరచినది – నాయి కచ్చితు
పాము కరచినది – హావు కచ్చితు
తేలు – చేళు
కాలిన గాయము – సుట్ట గాయ
నొప్పి – నోవు
వాపు – ఊత
ఎముక – మూళె
ఊపిరి – ఉసిరు

వీనితోపాటు, ఎన్ని గంటలకు జరిగినది, ఇంటిలో ఏమి చేసితిరి, ఏమి పూసితిరి అను మూడు సంగతులు దాచక చెప్పవలెను. పసరు పూసితిమని చెప్పుటకు సిగ్గుపడనక్కరలేదు, చెప్పకుండుటయే హాని.

చింతామణి తాలూకాలోని కైవారమున వెలసిన నారాయణ తాతయ్యగారు తెలుగునను కన్నడమునను పలికి రెండు భాషలవారికిని పూజ్యులైరి. మన బిడ్డలకును రెండు భాషలు రెండు చేతులవంటివి. ఒక చేయి ఇంట గాయము కడుగును. రెండవ చేయి ఆసుపత్రి తలుపు తట్టును. తల్లిదండ్రులు ఈ వ్యాసమును ఒకసారి బిడ్డలచేత బిగ్గరగా చదివించి, చదువు రాని పెద్దలకు వినిపింతురుగాక యని కోరుచున్నాము. చదివిన బిడ్డ తన తమ్ముని కాలిన చేతిని నెయ్యి డబ్బాకడకు గాక నీటి కొళాయికడకు నడిపించినచో మా శ్రమ ఫలించినదని తలంతుము.